కంబళి తీయించిన రోజు

ఉద్యోగం నుంచి దిగిపోయినవాళ్లను మాట్లాడమంటే సాధారణంగా తాము గెలిచిన సంగతులే చెబుతారు. నాకు ఆ సౌకర్యం లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రి ల్యాబులో పరాయివాళ్ల నెత్తురు, మూత్రం, కళ్లె చూస్తూ బతికాను. ఆ పనిలో సరిగ్గా చేసింది ఎవరి కంటా పడదు. తప్పు చేస్తే మాత్రం మనిషి పోతాడు. అలా ఒక మనిషిని దాదాపు పంపించేసిన రోజు సంగతి ఇది. ఇప్పుడు ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు చదువుతారేమోనని రాస్తున్నాను. చదవకపోయినా నా బరువు కొంత దిగుతుంది.

యాభయ్యో దశకం చివరి ఏళ్లు. అనంతపురం జిల్లాలో ఒక తాలూకా ఆసుపత్రి. రాతి కట్టడం, ఇరవై మంచాల వార్డు, వార్డు చివర నా గది. ఒక సూక్ష్మదర్శిని, ఒక స్పిరిట్ దీపం, గాజు గొట్టాలు పెట్టుకునే చెక్క స్టాండు, తూర్పున ఒక కిటికీ. కిటికీకి ఎదురుగా వంటశాల గోడ అడ్డం కాబట్టి తొమ్మిది దాటితే గానీ ఎండ లోపలికి వచ్చేది కాదు. చలికాలం పొద్దున ఆ గదిలో రాతి అరుగు మీద చెయ్యి పెడితే జివ్వుమనేది. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. ఉద్యోగంలో చేరి ఐదేళ్లయింది. ఐదేళ్లలో ఒక్క రిపోర్టూ తప్పు రాలేదని పేరు. ఆ పేరును ఎక్కువగా ప్రచారం చేసింది నేనే.

మా డాక్టరుగారు కోస్తా మనిషి. మంచి వైద్యుడు, కోపిష్ఠి. వచ్చిన కొత్తలో ఈ జిల్లాలో ప్రతి రోగీ తన జబ్బుకు కారణం తానే చెప్పుకోవడం చూసి ఆశ్చర్యపోయేవారు. ఆ కారణం ఎప్పుడూ ఒకటే, వేడి. కడుపునొప్పి వస్తే వేడి, కళ్లు ఎర్రబడితే వేడి, మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నా ఇద్దరికీ వేడి చేసిందనేవాళ్లు. వాన మొహం చాటేసిన నేల మీద, రాళ్లు కూడా పేలిపోయేంత ఎండలో బతికేవాళ్లకు ఆ మాట తోచడం సహజమే. రెండేళ్లు తిరిగేసరికి డాక్టరుగారు కూడా మందుచీటీ కింద మజ్జిగ తాగమని రాయడం మొదలుపెట్టారు.

అలాంటి ఊరికి, మార్గశిరం చివర్లో, కుందుర్పి వైపు నుంచి గొర్రెలు కాచుకునే ఒకాయన బండిలో వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. నల్లటి కంబళి తల మీంచి మోకాళ్ల దాకా కప్పుకుని ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం కూడా దాన్ని వదలలేదు. కళ్లు పసుపు, పెదాలు తెలుపు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. వెంట భార్య. సన్నటి మనిషి, మాట మాత్రం గట్టిది.

వాళ్ల ఊళ్లో మందిచ్చే పెద్దమనిషి చూసి, వేడి తలకెక్కి పచ్చకామెర్లు అయినాయని చెప్పాడట. అందుకని చలువ చేయించాడు. రోజూ మొబ్బులోనే, ఇంకా తెల్లవారకముందే, బావి దగ్గర నెత్తిన చన్నీళ్ల స్నానం, రాత్రి చేసిన రాగి అంబలి పొద్దున్నే చల్లగా, అరికాళ్లకు ఆముదం. పది రోజుల ఈ వైద్యంతో నడిచే మనిషి బండెక్కే స్థితికి వచ్చాడు. మందిచ్చే పెద్దమనిషి మాత్రం వేడి ఇంకా దిగలేదని, స్నానాలు రెండు పూటలా చేయాలని సెలవిచ్చాడట. అప్పుడు భార్య ఆయన్ను బండిలో వేసుకుని మా దగ్గరికి తెచ్చింది.

నెత్తురు తీయడానికి నా గదికి తీసుకొచ్చారు. చెయ్యి పట్టుకుంటే వేళ్లు నీలంగా, మంచులా ఉన్నాయి. ఆయన నా మొహంలోకి చూసి నెమ్మదిగా చెప్పాడు.

"సామీ, నాకు సలి పడదు. సలి తగిల్తే నా నెత్తురు ఇరుగుతాది. పొద్దన్నే నీళ్లు పోసుకుంటే ఆ పొద్దంతా ఒంటికి పోతే నల్లగా పోతాది. ఎండలో కూసుంటే ఆ నలుపు సగమై, మళ్ల బాగైతాది. మూడేండ్ల నుంచి చూస్తాండా."

నేను నవ్వాను. "నెత్తురు విరగడానికి అదేమన్నా పాలా ఏమప్పా?" అన్నాను. ఆ మాట చాలా తెలివైనదనిపించి, సాయంత్రం డాక్టరుగారికి కూడా చెప్పాను. ఆయనా నవ్వారు. అనంతపురం జిల్లాలో చలికి జబ్బుపడిన మనిషిని మేమిద్దరం అంతకుముందు చూసి ఉండలేదు.

నెత్తురులో బలం ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు. డాక్టరుగారు కాలేయం జబ్బుగా అనుమానించి ఆరో మంచం ఇచ్చారు. మూడు రోజులు ఆయన కంబళి కప్పుకుని, మధ్యాహ్నం వరండాలో ఎండకు కూర్చుని, ఏ మందూ పనిచేయకపోయినా కొంచెం తేరుకున్నాడు. మా మందు పనిచేస్తోందని మేం రాసుకున్నాం.

నాలుగో రోజు తనిఖీ. జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తున్నారని ముందురోజే కబురు. మా ఆసుపత్రిలో తనిఖీ అంటే ఒక ఆచారం ఉండేది. ఆ పొద్దు రోగులందరికీ తెల్లవారకముందే స్నానం, ప్రతి మంచానికీ ఉతికిన తెల్ల దుప్పటి, ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డా గోనే అన్నీ కంటికి కనబడకుండా పోవాలి. రోగం ఉన్నా ఫరవాలేదు, మురికి ఉండకూడదు. శుభ్రత విషయంలో నాకు చాదస్తం ఎక్కువని డాక్టరుగారు ఆ పని నాకే అప్పగించారు. నేనూ సంతోషంగా తీసుకున్నాను.

ఆరో మంచం దగ్గరికి వచ్చేసరికి కంబళి. గొర్రె వాసన, పొగ వాసన, ఎన్నేళ్ల నాటి మట్టో. నా ల్యాబు బుద్ధికి అది గుడ్డలా కనిపించలేదు, సూక్ష్మదర్శిని కింద పెట్టాల్సిన సరుకులా కనిపించింది. తీయమన్నాను. ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సామీ, దీన్ని తీస్తే నేను బతకను" అన్నాడు.

చుట్టుపక్కల మంచాలవాళ్లు నవ్వారు. నేను ఓపికగా, చదువుకున్నవాళ్లు చదువుకోనివాళ్లకు చెప్పే ఆ గొంతుతో, మేమంతా ఉన్నాం కదా భయం దేనికన్నాను. ఆయన భార్య ఏదో అనబోయింది. ఆడవాళ్లు వార్డులో ఉండకూడదని బయటికి పంపించాను. కంబళి ఆయాకు ఇచ్చి, వంటశాల వెనక కాల్చేయమన్నాను. ఆయా ఆ ఆసుపత్రిలో అందరికంటే పాత మనిషి. కంబళిని ఒకసారి తడిమి చూసి, సరే సార్ అని తీసుకుపోయింది. ఆయన మీద నాలుగు బక్కెట్ల తొట్టి నీళ్లు పోయించి, తెల్ల దుప్పటి కప్పించాను. ఆ మంచం నిజంగానే చూడముచ్చటగా ఉంది.

ఎనిమిది గంటలకు డాక్టరుగారు నన్ను కేకేశారు. ఆరో మంచం ఆయన చెవులు, ముక్కు కొస, చేతివేళ్లు నేరేడుపండు రంగుకు తిరిగాయి. మంచం కింద పాత్రలో మూత్రం కాఫీ డికాషన్‌లా ఉంది. శ్వాస ఎగబోస్తోంది. పిలిస్తే పలకడం లేదు. ఒంట్లో ఉన్న కాస్త నెత్తురూ కళ్లముందే కరిగిపోతోంది, ఎందుకో తెలియదు. వెంటనే నెత్తురు ఎక్కించాలి, గ్రూపు చూడు అన్నారు.

ఇక్కడ పని సంగతి రెండు ముక్కలు చెప్పాలి. గ్రూపు చూడడమంటే రోగి నెత్తురు చుక్కను ఉప్పునీళ్లలో కలిపి, ఒక గొట్టంలో ‘ఏ’ మందుచుక్క, ఇంకో గొట్టంలో ‘బీ’ మందుచుక్క కలుపుతాం. దేనిలో నెత్తురు రవ్వరవ్వగా విరిగితే అది ఆయన గ్రూపు. రెండింటిలోనూ విరిగితే ఏబీ, రెండింటిలోనూ విరగకపోతే ‘ఓ’. వీటి పక్కన మూడో గొట్టం ఒకటి పెట్టాలి. అందులో మందేమీ వేయకూడదు. మందు లేకుండా కూడా నెత్తురు విరిగిందంటే, మిగతా రెండు గొట్టాలూ అబద్ధం చెబుతున్నట్టు. నేర్పినవాళ్లు మూడో గొట్టం పెట్టమని చెప్పారు. నేను మొదటి ఏడాది పెట్టాను. ఏ రోజూ అందులో ఏమీ జరగలేదు. తర్వాత మానేశాను.

ఆ పొద్దు రెండు గొట్టాలూ విరిగాయి. అచ్చం పాలు విరిగినట్టు. నా మాటే నా ముందు కూర్చుంది, అయినా గుర్తుపట్టలేదు. ఏబీ అని రాసి సంతకం పెట్టాను.

డాక్టరుగారి మొహం విప్పారింది. ఏబీ వాళ్లకు ఎవరి నెత్తురైనా పనికొస్తుందని మాకు చదువు. మా కాంపౌండరు దిట్టమైన మనిషి, ‘ఏ’ గ్రూపు. వెంటనే పడుకోబెట్టి సీసా నిండా తీశారు. ఎక్కించేముందు ఇచ్చేవాడి నెత్తురూ పుచ్చుకునేవాడి నెత్తురూ కలిపి సరిచూడాలి. "ఏబీనే కదయ్యా, టైం లేదు" అన్నారు డాక్టరుగారు. అవసరం లేదులెండి అన్నాను నేను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

అధికారి జీపు వచ్చిన చప్పుడైంది. వార్డు తర్వాత నా గదికే వస్తారు కాబట్టి సర్దడానికి పరుగెత్తాను. అప్పటికి తొమ్మిది దాటింది. వంటశాల గోడ మీంచి ఎండ దిగి కిటికీలో పడుతోంది. గొట్టాల స్టాండు ఆ ఎండలో ఉంది. కడిగేద్దామని చేతిలోకి తీసుకుంటే, రెండు గొట్టాల్లోనూ నెత్తురు నున్నగా, చిక్కగా, ఒక్క రవ్వ లేకుండా ఉంది.

వేరేవి తీశాననుకున్నాను. చీటీ చూశాను, ఆయనవే. ఊపి చూశాను, నున్నగానే ఉంది. తీసుకుపోయి రాతి అరుగు మీద నీళ్ల కుండ పక్కన పెట్టాను. కాసేపట్లో రవ్వలు. మళ్లీ ఎండలో పెట్టాను. రవ్వలు కరిగిపోయాయి. అప్పుడు వినిపించింది, మొదటి రోజు ఆయన చెప్పిన మాట. సలి తగిల్తే ఇరుగుతాది, ఎండలో బాగైతాది. ఒక గొర్రెలకాపరి మూడేళ్లు తన మూత్రం రంగు చూసుకుంటూ తేల్చిన విషయం, రెండు గొట్టాలు నాకు రెండు నిమిషాల్లో చెప్పాయి. ఆయన ఏబీ కాదు. వెచ్చగా చూస్తే రెండింటిలోనూ విరగదు, అంటే ‘ఓ’. ‘ఓ’ గ్రూపు మనిషికి ‘ఏ’ గ్రూపు నెత్తురు ఎక్కిస్తే ప్రాణం పోతుందని నాకు బాగా తెలుసు.

ఇంతదాకా వచ్చాను కాబట్టి ఇదీ చెబుతాను. ఆ క్షణంలో నాకు మొదట గుర్తొచ్చింది ఆయన కాదు, వార్డులో నిలబడి ఉన్న అధికారి. ఆయన ముందు ఎలా చెప్పాలా అనే. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. ఎక్కువసేపు కాదనే నమ్ముకుంటూ వచ్చాను.

వార్డులోకి పోయేసరికి అధికారి మొదటి మంచం దుప్పటి అంచు ఎత్తి చూస్తున్నారు. డాక్టరుగారు ఆరో మంచం దగ్గర సూది నరంలోకి దించి, గొట్టం బిగిస్తున్నారు.

"ఎక్కించకండి సార్. నేను రాసింది తప్పు. ఏబీ కాదు, ‘ఓ’" అన్నాను.

డాక్టరుగారు గొట్టాన్ని వేళ్లతో నొక్కిపట్టి నా వైపు చూశారు. "నువ్వే కదయ్యా సంతకం పెట్టావు?"

"పెట్టినాను సార్. అదీ తప్పే."

అధికారి దుప్పటి వదిలేసి వచ్చారు. సంగతి చెప్పాను. నమ్మలేదు. ఈ జిల్లాలో చలేమిటయ్యా అన్నారు, అచ్చం మేం అన్నట్టే. నా గది నుంచి గొట్టం ఒకటి తెచ్చి, చన్నీళ్లలో ముంచి రవ్వలు చూపించి, ఆయన చేతిలో పెట్టాను. పిడికిట్లో పట్టుకుని కాసేపుంచి తెరిచి చూసుకున్నారు. రవ్వలు కరిగిపోయాయి. రోగి చేతికున్న సూది తీయించి, కోటు విప్పి ఆ తెల్ల దుప్పటి మీదే పడేశారు.

వెచ్చగా కప్పాలి, కంబళి కావాలి. నేను ఆయాను పిలిచాను. కంబళి కాల్చేసినావా అని అడిగాను. ఆమె నేల చూసింది. జీవితంలో ఒక మనిషి నా ఆజ్ఞ ధిక్కరించి ఉండాలని అంతగా కోరుకున్నది ఆ ఒక్కసారే.

"అంత మంచి కంబళి, కాల్చేదానికి మనసొప్పలేదు సార్. మా ఇంట్లో ఉండాది" అంది.

ఆ రోజు మా ఆసుపత్రిలో జరిగిన ఒకే ఒక్క మంచి పని దొంగతనం. ఆయా పరుగెత్తి తెచ్చింది. ఇంకా ఉతకలేదు, మడత పెట్టి ఉంచుకుంది. వాకిట్లో ఏడుస్తూ కూర్చున్న భార్యను నేనే పిలిచాను. ఆమె కంబళి లాక్కుని, మొగుడికి పాదాల నుంచి మెడ దాకా చుట్టబెట్టింది. వంటశాల నుంచి వేడి నీళ్లు, సీసాలు, ఇటుకలు తెచ్చాం.

‘ఓ’ గ్రూపు ఎవరిది? సిబ్బంది అందరి వేళ్లూ పొడిచి గ్రూపులు చూసి పెట్టుకోవడం నా సరదా. ‘ఓ’ గ్రూపు డాక్టరుగారిది. ఆయనకు ఆ సంగతి తెలుసు. చెప్పాల్సిన పని లేకుండానే చొక్కా చెయ్యి మడిచి పక్క మంచం మీద పడుకున్నారు. ఈసారి సరిచూశాను. గొట్టాలు రెండూ నా చంకలో పెట్టుకుని, ఒంటి వేడి తగిలేట్టు, గుడ్లు పొదిగే కోడిలా కూర్చుని చూశాను. విరగలేదు. డాక్టరుగారి నెత్తురు నిండిన సీసాకు కంబళి కొస చుట్టి భార్య చేతికిచ్చాం. డాక్టరే పడుకోవడంతో రోగికి సూది వేయడానికి మిగిలింది అధికారి ఒక్కరే. ఆయన సూది పట్టి ఎన్నేళ్లయిందో, మొదటిసారి నరం తప్పింది. రెండోసారికి నరం దొరికింది. దుప్పట్లు లెక్కపెట్టడానికి వచ్చిన మనిషి ఆ మధ్యాహ్నం దాకా మోకాళ్ల మీద కూర్చున్నారు.

పన్నెండు దాటాక ఆరో మంచం ఆయన చెవులకు మనిషి రంగు వచ్చింది. కళ్లు తెరిచాడు. డాక్టరును చూడలేదు, నన్ను చూడలేదు. చేత్తో తడిమి కంబళి కొస పట్టుకున్నాడు.

"తెచ్చినారా" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

నేను నా గదికి పోయి తలుపేసుకుని ఏడ్చాను. సిగ్గుతోనో, ఊరటతోనో అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

అధికారి పోతూ పోతూ పుస్తకంలో, ఆరో మంచం రోగికి సొంత కంబళి ఉంచవచ్చని రాసి సంతకం పెట్టారు. రెండు నెలలకు ఆయన కార్యాలయం నుంచే, నిబంధనలకు విరుద్ధంగా వార్డులో సొంత కంబళి ఎందుకు ఉందో సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. మా కాంపౌండరు మాత్రం, తన సీసాడు నెత్తురు యాడ పారబోసినారని, కనిపించినప్పుడల్లా అడిగేవాడు.

కోలుకున్నాక రోగిని గుత్తిలో రైలెక్కించి పట్నం పెద్దాసుపత్రికి పంపాం. మూడు వారాలు ఉంచుకుని, రకరకాలుగా నెత్తురు తీసి, ఒక ఉత్తరం ఇచ్చి పంపారు. దాంట్లో ఇంగ్లీషులో ఒక మూర పొడవు పేరు. డాక్టరుగారు చదివి, ఆయనకు చెప్పమని నాకిచ్చారు. అది ఆయన నాకు వేసిన శిక్ష అనుకుంటాను. మొగుడూ పెళ్లాలను కూర్చోబెట్టి చెప్పాను. ఒంట్లో పరాయి క్రిములను చంపడానికి ఉండాల్సిన కాపలా, నీ ఒంట్లో దారి తప్పి నీ నెత్తురునే పరాయిదనుకుంటోంది, చలి తగిలితే దానికి బలం వస్తుంది, నెత్తురును గుంపులు కట్టించి విరగ్గొడుతుంది, వెచ్చగా ఉంటే ఊరుకుంటుంది. చాలా అరుదైన జబ్బు అని కూడా చెప్పాను, అదేదో ఆయన గొప్పతనమన్నట్టు.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఇది నేను మొదటి పొద్దే చెప్పినా గదా సామీ. దీనికి అంత దూరం యాల పంపితిరి?" అన్నాడు.

మందు ఏం రాసినారని అడిగింది భార్య. ఉత్తరం చివర చూసి చెప్పాను, చలి తగలకుండా చూసుకోవాలి, అంతే. ఆమె నవ్వింది. కోపంగా నవ్వినా బాగుండేది, నిజంగానే నవ్వొచ్చి నవ్వింది.

ఆయన ఆ జబ్బుతోనే బతికాడు. నేను ఆ ఊళ్లో ఉన్నంతకాలం ఏటా చలికాలంలో ఒకసారి వచ్చి నెత్తురు చూపించుకుని పోయేవాడు. మొబ్బులో మంద తోలేది భార్య. ఎండ గట్టిపడ్డాక ఈయన పోయి అందుకునేవాడు. బావి నీళ్లలో చెయ్యి పెట్టడు, చద్ది తినడు. పెళ్లిళ్లలో కంబళి తీయడని వాళ్లవాళ్లు నొచ్చుకునేవారు, ఏదో అంటురోగం దాస్తున్నాడని కొందరు బంతిలో పక్కన కూర్చునేవాళ్లు కాదు. వాన పడితే గడ్డి, గడ్డి ఉంటే గొర్రెలు. కానీ వానలో ఒక్క పూట తడిస్తే నాలుగు రోజులు ఒంటికి నల్లగా పోయేది. ఊరంతా వాన కోసం మొక్కుతుంటే తాను మొక్కాలో వద్దో తేల్చుకోలేకపోతున్నానని ఒకసారి నాతో అన్నాడు. మామూలుగా చెప్పాడు, జాలిపడమని కాదు.

అరవయ్యో దశకం మధ్యలో నాకు బదిలీ అయింది. చైత్రమాసం ఎండలో బస్టాండుకు వచ్చాడు, కంబళితోనే. చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూశారు. ఆయన అలవాటైపోయిన మనిషిలా నిలబడ్డాడు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సామీ, ఆ పొద్దు నేను చెప్తే నగినారు. ఇప్పుడు ఎవురన్నా వచ్చి అట్ల చెప్తే వింటాండారా?"

వింటున్నాను అన్నాను. ఆయన తలూపి, కంబళి సర్దుకుని ఎండలోకి పోయాడు.

నేను చెప్పింది పూర్తిగా నిజం కాదు. ఆ రోజు తర్వాత రిటైరయ్యేదాకా మూడో గొట్టం ఒక్కసారి కూడా మానలేదు, ఎంత తొందరున్నా సరే. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి తన జబ్బు సంగతి చెప్పబోతే, నాకు పని ఉంది, చెయ్యి చాపమని తొందరపెట్టిన రోజులు చాలా ఉన్నాయి. వాళ్లు ఏం చెప్పబోయారో నాకు తెలియదు.